అప్రెంటిస్ మాట్లాడకూడదు

మా ఇంట్లో గురువారం వచ్చిందంటే ఇస్త్రీపెట్టె వేడెక్కాల్సిందే. ఆగస్టు ఎండ మండిపోతున్నా సరే, హిబారా రేవులో ఆకు కదలకపోయినా సరే, మా నాన్న ఫెర్మీన్ ఆ సాయంత్రం నల్లకోటు తొడుక్కుని, మెడకు టై బిగించుకుని, తెల్లటి ఏప్రాన్ చంకలో పెట్టుకుని ఫ్రీమేసన్లనే రహస్య సోదరసంఘం వాళ్ళు కలిసే లాడ్జికి బయలుదేరేవాడు. మిగతా రోజుల్లో ఆయన ఐసు ఫ్యాక్టరీ కూలీ. ఇనపకొక్కేలతో ఐసు దిమ్మలు లాగీ లాగీ ఆయన అరచేతులు మొద్దుబారిపోయాయి. మరిగే కాఫీగిన్నెను కూడా గుడ్డ లేకుండా పట్టుకునేవాడు. ఊరంతా ఆయన్ని ఐసు ఫెర్మీన్ అనే పిలిచేది. గురువారం మాత్రం వీధిలో వాళ్ళు టోపీ తీసి పలకరించేవాళ్ళు.

ఆ ఏప్రాన్ మొదట్లో అమ్మ ఉతికేది. అమ్మ పోయాక నేను ఉతికాను. గంజి పెట్టి, నీడలో ఆరేసి, అంచులు నలగకుండా ఇస్త్రీ చేసేదాన్ని. దాని అర్థమేమిటో మాత్రం నాకు చెప్పకూడదట, ఆడదాన్ని కదా. మరక వదిలించడానికి ఆడది కావాలి, అర్థం తెలుసుకోవడానికి పనికిరాదు. ఒకసారి ఈ మాట నాన్న మొహమ్మీదే అనేశాను.

"నువ్వన్నది న్యాయమేనే ఒదాలిస్" అన్నాడు నాన్న. అని, కోటు దులుపుకుని, చక్కా వెళ్ళిపోయాడు.

లాడ్జి వాళ్ళకు ఒక అలవాటుంది. నలుగురూ తమ సంగతులు మాట్లాడుకుంటున్నప్పుడు బయటివాళ్ళెవరైనా గదిలోకి వస్తే, ఒకడు "వాన పడుతోంది" అంటాడు. అంతే, అందరూ మాట మార్చేస్తారు. చిన్నప్పుడు నాకీ సంగతి తెలియదు. కాఫీ పట్టుకెళ్ళినప్పుడు ఆ మాట విని, పరుగున పెరట్లోకి వెళ్ళి తీగమీది బట్టలన్నీ లాక్కొచ్చేదాన్ని. నాన్న స్నేహితుడు, చెప్పులు కుట్టే హెనారో బాబాయి పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

వాళ్ళ రహస్యాలన్నీ నాకు తెలుసు, ఆ మాటకొస్తే. మా గోడలు పలచన. నాన్న గడ్డం గీసుకుంటూ లాడ్జి ప్రశ్నలూ జవాబులూ వల్లెవేసేవాడు. "మీరు మేసనా? నా సోదరులు నన్నలా ఎరుగుదురు. మీ వయసెంత? మూడేళ్ళు." కొత్తగా చేరినవాణ్ణి అప్రెంటిస్ అంటారు. తల నెరిసినవాడైనా సరే, అప్రెంటిస్ వయసు మూడేళ్ళే. వాడు ఉత్తరపు గోడ వారగా, వెలుతురు తక్కువగా ఉండే చోట కూర్చోవాలి. చెవులు అప్పగించి వినాలి, నోరు మెదపకూడదు. ఏప్రాన్ పైనుండే మూడుమూలల మడతను పైకి లేపి ఉంచుకోవాలి. మాస్టరు అయినవాడే దాన్ని కిందికి దించుకుంటాడు, మాట్లాడతాడు. వాడి వయసు ఏడేళ్ళ పైమాట. ఇవన్నీ నాకు పదేళ్ళప్పటికే నోటికొచ్చు. వంటింట్లో చిక్కుళ్ళు ఏరుతూ నేర్చుకున్నాను.

నాన్నకు జీవితంలో ఒకటే కోరిక. మా తమ్ముడు రామిరో లాడ్జిలో చేరాలి. అయితే వాళ్ళ పద్ధతి ప్రకారం, చేరమని ఎవరినీ అడగకూడదు. కన్నకొడుకునైనా సరే. కావాలనుకున్నవాడే వచ్చి తలుపు తట్టాలి. అందుకని నాన్న అడగలేదు. ఒక కొత్త ఏప్రాన్ కుట్టించి, కర్పూరం బిళ్ళలు వేసి అల్మారాలో దాచాడు. అది ఎవరికోసమో మాకందరికీ తెలుసు. రామిరోకి ఇంకా బాగా తెలుసు.

వాడి నోటికేమో తాళం లేదు. బేకరీలో పని, రోజంతా పిండి పిసుకుతూ జోకులేస్తుంటాడు. ఒక గురువారం భోజనాల దగ్గర, నాన్న కోటు వేసుకుని లేవబోతుంటే అన్నాడు.

"ఆ ఏప్రాన్ కట్టుకుని అక్కడ మీరంతా ఏం వండుతారు నాన్నా? మాకూ కాస్త గిన్నెలో పెట్టి తీసుకురండి."

నాన్న నవ్వాడు. "ఉప్పు సరిపోతే తెస్తానులేరా" అన్నాడు. వీధి మలుపు దగ్గర ఆయన కాసేపు ఆగి నిలబడటం నేను కిటికీలోంచి చూశాను. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. రామిరో పెళ్ళి చేసుకున్నాడు, పెళ్ళాంతో పడక వదిలేసి మళ్ళీ మా ఇంటికే వచ్చాడు, జుట్టు సగం ఊడింది. నాన్న అడగలేదు, వాడు తలుపు తట్టలేదు. వాళ్ళిద్దరి మొండితనం మధ్య నేను వంట చేస్తూ ఉండిపోయాను.

తర్వాత నాన్నకు మతిమరుపు మొదలైంది. మొదట ఐసు ఫ్యాక్టరీ మరిచిపోయాడు. అమ్మ చనిపోయిన సంగతి మరిచిపోయి ఆమెకోసం పెరడంతా వెతికేవాడు. చివరికి నన్ను మరిచిపోయాడు. పొద్దున్నే స్నానం చేయించి, కర్రపెండలం ఉడకబెట్టి మెత్తగా మెదిపి నోట్లో పెడుతుంటే, "మీరెవరమ్మా, ఇంత శ్రమ తీసుకుంటున్నారు" అనేవాడు. మర్యాదలో మాత్రం లోటు లేదు.

లాడ్జి మాటలు మాత్రం పోలేదు. గురువారాల్లో హెనారో బాబాయి వచ్చి, లాడ్జి పద్ధతిలో తలుపు మీద మూడు దెబ్బలు కొట్టి, "మీరు మేసనా?" అని అడిగేవాడు. కిటికీ దగ్గర ఊగుడు కుర్చీలో తోటకూర కాడలా వాలిపోయిన మనిషి నిటారుగా లేచి కూర్చునేవాడు. ఆ ప్రశ్నలూ జవాబులూ అయ్యాక ఆయన మతి కాసేపు తెరుచుకునేది. ఐసు గురించీ, అమ్మ గురించీ, తుఫానుకు కొట్టుకుపోయిన పడవల గురించీ గలగలా మాట్లాడేవాడు. నేను కాఫీతో లోపలికి వెళ్ళానో, చటుక్కున ఆపి, "సోదరా, వాన పడుతోంది" అనేవాడు.

ముప్పొద్దులా అన్నం పెట్టేది నేను, కాలిగోళ్ళు తీసేది నేను, ఆయన నోట నాకు దొరికింది ఆ రెండు మాటలు. ఒకసారి కడుపు మండి, నేనే తలుపు మీద మూడు దెబ్బలు కొట్టి ఆ ప్రశ్న అడిగాను. నాన్న హడలిపోయాడు. ఎవరో దొంగ ఇంట్లో దూరినట్టు గోడకు అంటుకుపోయి, సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాడు. మళ్ళీ ఆ పని చేయలేదు.

ఒక గురువారం రామిరో పెందలాడే ఇంటికొచ్చాడు. కనుబొమ్మల మీద పిండి కూడా కడుక్కోలేదు. నేను వంటింట్లో ఉన్నాను, వాడు నా పక్కనే నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. ముందుగదిలోంచి నాన్న గొంతు వినిపించింది.

"నాకో కొడుకున్నాడు సోదరా. రామిరో వాడి పేరు. తెలివైనవాడు, నోరే కాస్త ఎక్కువ. ఇంకా రాలేదు. వస్తాడు. వచ్చినప్పుడు నాకు చెప్పడం మరిచిపోకండి."

రామిరో గ్లాసు కింద పెట్టేశాడు. హెనారో బాబాయి బయటికొచ్చేదాకా పెరటి గుమ్మంలో కూర్చుని, ఆయన రాగానే ఎదురెళ్ళి అన్నాడు.

"బాబాయ్, నన్ను చేర్చుకుంటారా?"

"ఎందుకురా? వంట నేర్చుకుందామనా?"

"మీ ఇష్టం బాబాయ్, ఎన్నైనా అనండి. నేను వచ్చానని నాన్నకు తెలియాలి. ఆయన వినే భాషలోనే తెలియాలి."

 బాబాయి వాడి భుజం మీద చెయ్యి వేసి, ఆ పిండి తన కోటుకు అంటించుకుని వెళ్ళాడు.

పద్ధతి పద్ధతిగానే నడిచింది. లాడ్జి నుంచి పెద్దలు ఇంటికొచ్చి వాడి మంచీచెడూ విచారించారు. దేవుణ్ణి నమ్ముతావా అని అడిగితే, "పొయ్యిలో రొట్టె పొంగేదాకా నమ్ముతూనే ఉంటానండి" అన్నాడట. తెల్లగోళీలూ నల్లగోళీలూ వేసి ఓట్లు తీసుకున్నారు. ఒక్క నల్లగోళీ పడినా తిప్పి పంపేస్తారు, పడలేదు. కళ్ళకు గంతలు కట్టి, ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు వేయించి లోపలికి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున్న లాడ్జిలో ఏం జరిగిందో చెప్పనని వాడు నాతో బిగుసుకుని కూర్చున్నాడు. మొత్తం నేనే చెప్పేసరికి తెల్లమొహం వేశాడు.

"ఇవన్నీ నీకెవరు చెప్పారక్కా?"

"గోడ చెప్పింది. పద, నాన్న ఎదురుచూస్తున్నాడు."

కర్పూరం వాసన కొడుతున్న ఆ ఏప్రాన్ నేనే వాడి నడుముకు కట్టాను. మడత పైకి లేపి సర్దాను. వాడు వెళ్ళి మూడు దెబ్బలు కొట్టాడు. నేను తలుపు వారగా నిలబడ్డాను. నాన్న కళ్ళు ముందు ఏప్రాన్ మీద పడ్డాయి. మొహం విప్పారింది. ప్రశ్నలు తనే అడిగాడు. రామిరో తడబడకుండా జవాబు చెప్పాడు. వయసెంత అంటే మూడేళ్ళు అన్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"నాన్నా, నేను రామిరోని. వచ్చాను నాన్నా."

నాన్న మొహం ముడుచుకుపోయింది. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"అప్రెంటిస్ మాట్లాడకూడదు సోదరా. వినాలి." గోడ వారగా ఉన్న బల్ల చూపించాడు. "అక్కడ కూర్చోండి. ఉత్తరపు గోడ దగ్గర."

అలా మొదలైంది. రోజూ బేకరీ నుంచి రాగానే వాడు ఏప్రాన్ కట్టుకుని ఆ బల్ల మీద కూర్చునేవాడు. నాన్న ఊగుడు కుర్చీలోంచి వాడికి పాఠం చెప్పేవాడు. మేస్త్రీలు మూల సరిచూసే మూలమట్టం ఎందుకు, నిలువు సరిచూసే తూకపు గుండు ఎందుకు, ముతకరాయిని ఉలితో చెక్కుకుంటూ పోవడం ఎందుకు. ఆ రాయి నువ్వే అనేవాడు. వాడు బుద్ధిగా వినేవాడు. నోరు తెరిచాడో, నాన్న వేలు పెదాల మీదికి వెళ్ళిపోయేది. ఏప్రాన్ లేకుండా వెళ్ళి చూశాడు. రొట్టెలు తెచ్చిన బేకరీ మనిషి అనుకుని, "అక్కడ పెట్టి వెళ్ళు బాబూ" అన్నాడు నాన్న.

అన్నిటికన్నా నాకు బాధేసింది ఒకటి. ఒకరోజు రామిరో లేచి వెళ్ళాక, హెనారో బాబాయితో నాన్న అన్నాడు.

"ఈ కొత్త కుర్రాడు మంచివాడు. ఎవరి బిడ్డో, ఆ తండ్రి అదృష్టవంతుడు. మా వాడు కూడా ఇలా వస్తే బాగుండును."

యాభయ్యేళ్ళ కుర్రాడు వంటింట్లో నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

"మాస్టరునైతే మాట్లాడొచ్చు అక్కా" అన్నాడు, మొహం కడుక్కుని. "అప్పుడు ఆపడానికి ఆయనకు హక్కుండదు. వినాల్సిందే."

దానికి సమయం పడుతుంది. అప్రెంటిస్‌కూ మాస్టరుకూ మధ్య ఇంకో మెట్టుంది, ఒక్కో మెట్టు మీద ఇన్ని నెలలుండాలని నియమం. రామిరో హెనారో బాబాయి కాళ్ళావేళ్ళా పడ్డాడు. లాడ్జివాళ్ళు చేతనైనంత సడలించారు, అంతకు మించి కుదరదన్నారు. వాడు చదివిన చదువు చూడాలి. బళ్ళో ఏనాడూ పుస్తకం ముట్టనివాడు, పిండి పిసుకుతూ వల్లెవేసేవాడు, కరెంటు పోతే చీకట్లో గోడకు అప్పచెప్పేవాడు. ఒక మాట తప్పితే నేను వంటింట్లోంచి దిద్దేదాన్ని. మొదట ఉలిక్కిపడేవాడు. తర్వాత తనే "అక్కా, ఆ తర్వాతేమిటి" అని కేకేసేవాడు. అక్క రహస్యం విని ఏ పిడుగూ పడలేదు.

ఈలోగా నాన్న దిగిపోతున్నాడు. స్నానం చేయించే మనిషికి అది తెలుస్తుంది. పెద్ద పాఠాలు పోయాయి. తూకపు గుండు పోయింది. మూలమట్టం పేరు గుర్తురాక గాల్లో వేలితో గీసి చూపించేవాడు. రెండో మెట్టు ఎక్కిన రామిరో ఎప్పటిలాగే వెళ్ళి బల్ల మీద కూర్చుంటే, పాఠం చెప్పడం మాని వాడివైపు చూస్తూ ఉండేవాడు. ఒకనాడు నేను వెళ్ళేసరికి నాన్న ఊగుడు కుర్చీలో లేడు. ఉత్తరపు గోడ వారగా బల్ల మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ దగ్గర ఎండ పడుతోందేమో అనుకున్నాను. తెర వేసి, చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. మళ్ళీ వెళ్ళి బల్ల మీదే కూర్చున్నాడు.

"ఒరేయ్, నాన్నకు మాటలు తగ్గిపోతున్నాయిరా" అని చెప్పాను రామిరోకి. "కుర్చీ కూడా వదిలేశాడు. నీ మెట్లూ మడతలూ పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని చెప్పెయ్. తిడితే తిడతాడు."

"ఇంకొక్క గురువారం అక్కా. ఇన్నాళ్ళూ ఆగాం కదా."

ఆ గురువారం వాణ్ణి మాస్టరు చేశారు. శుక్రవారం పొద్దున్న వాడు బేకరీకి సెలవు పెట్టి, నాన్నదే ఆ నల్లకోటు వేసుకున్నాడు. భుజాల దగ్గర కాస్త బిగువు. ఏప్రాన్ మడత ఈసారి కిందికి దించి కట్టాను. నాన్నకు కూడా కొత్త చొక్కా తొడిగి, ఆయన ఏప్రాన్ ఆయనకు కట్టాను. పండగలా అనిపించింది, చెప్పొద్దూ. పొయ్యి మీద కాఫీ పెట్టి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను.

రామిరో మూడు దెబ్బలు కొట్టాడు. బల్ల మీద నుంచి నాన్న లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. ఆయన చూపు రామిరో ఏప్రాన్ మీదికి, కిందికి దిగిన ఆ మడత మీదికి వెళ్ళింది. తల వంచాడు.

"మీరు మేసనా?" అన్నాడు రామిరో.

"నా సోదరులు నన్నలా ఎరుగుదురు."

"మీ వయసెంత?"

"మూడేళ్ళు" అన్నాడు నాన్న.

రామిరో కన్నా ముందు నాకు అర్థమైంది. వాడింకా నవ్వుతూనే ఉన్నాడు. ఒక అడుగు ముందుకేశాడు.

"నాన్నా, నేను రామిరోని. మీ కొడుకుని. ఇప్పుడు నేను మాట్లాడొచ్చు. వచ్చాను నాన్నా, చూడండి, మీరు కుట్టించిందే ఇది."

నాన్న పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఈసారి వాణ్ణి ఆపడానికి కాదు. తల దించుకుని, ఆ మొద్దుబారిన వేళ్ళతో తడుముకుంటూ, తన ఏప్రాన్ మడతను తనే పైకి లేపుకున్నాడు. మాస్టరు నిలబడి ఉన్నాడు కనుక తనూ నిలబడే ఉన్నాడు. ఒక చెయ్యి గోడకు ఆనించుకున్నాడు.

"కూర్చోండి నాన్నా" అన్నాడు రామిరో. కూర్చోలేదు. "మాట్లాడండి. మాస్టరుని నేను చెబుతున్నాను, అనుమతిస్తున్నాను. ఒక్క మాట. నా పేరు ఒక్కసారి అనండి." నాన్న తల అడ్డంగా ఊపాడు, పెద్దాయన తనను పరీక్షిస్తున్నాడనుకుని, తప్పు చేయకూడదనుకునే కొత్తవాడిలా. ఇన్నేళ్ళ లాడ్జి బతుకులో ఆయనకు మిగిలింది ఆ మొదటి పాఠం ఒక్కటే. దాన్ని మాత్రం పొరపాటున కూడా జారనివ్వలేదు.

 రామిరో తన ఏప్రాన్ మడతను పట్టుకుని పైకి తిప్పేశాడు. అది చూడగానే నాన్న మొహంలో బరువు దిగింది. మెల్లగా బల్ల మీద కూర్చుని, పక్కకు జరిగి, తోటి అప్రెంటిస్‌కు చోటిచ్చాడు. రామిరో వెళ్ళి కూర్చున్నాడు. ఇద్దరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఖాళీగా ఉన్న ఊగుడు కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరికీ మాట్లాడే హక్కు లేదు.

కాఫీ పొంగి పొయ్యిమీద పడ్డ వాసనొచ్చింది. మిగిలింది రెండు కప్పుల్లో పోసి తీసుకెళ్ళాను. గుమ్మం దాటి అడుగు పెడుతూ, అలవాటుగా ఆ మాట కోసం చూశాను. ఎన్నాళ్ళుగానో నా ఒళ్ళు మండించిన ఆ మాట. నాన్న నావైపు చూశాడు. నేను ఆడదాన్ని, బయటిదాన్ని, ఆయన కాఫీ పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు. ఆ హెచ్చరిక చేసేది పెద్దవాళ్ళు. మూడేళ్ళవాడికి ఆ మాట కూడా లేదు.

పక్కన రామిరో రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. కప్పులు కింద పెట్టి, నాన్న ముందు నేలమీద కూర్చుని, ఆయన మోకాలు పట్టుకున్నాను. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది.

"నాన్నా, వాన పడుతోంది" అన్నాను.

నాన్న వంగి, నా పెదాల మీద వేలు పెట్టాడు.